అక్కని అడగండి: ఊపిరి ఆడతా ఉంటే చనిపోయినాడని ఎట్ల నమ్మేది?

పోయిన నెల డయాలసిస్ గురించి రాసినాక వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజుల్లో సగానికి పైగా అవయవదానం మీదే ఉండాయి, అందుకని ఈ నెల వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టేసినా, షుగర్ గురించి అడిగినవాళ్లు ఏమీ అనుకోవద్దండి, వచ్చే నెల తప్పకుండా రాస్తా. కొత్తగా చదివేవాళ్లకి ఒక మాట. నేను డాక్టర్ని కాదు, తిరుపతిలో ఐసీయూ నర్సుగా ఇరవై ఆరేళ్లు చేసి రిటైర్ అయినదాన్ని. మందులు, టెస్టులు మీ డాక్టరే చెప్పాల, నేను చూసిందీ నాకు బాగా తెలిసిందీ మాత్రమే చెప్తా. పేర్లు వేయొద్దక్కా అని చాలామంది అడిగినారు, ఊరు మాత్రం వేస్తా ఉండా.

పుత్తూరు నుంచి ఒక చెల్లెలు: అక్కా, మా అక్క కొడుకు, ఇరవై రెండేళ్లు, బైకు మీద ఇంటికి వస్తా ఉంటే వడమాలపేట దగ్గర లారీ గుద్దింది. హెల్మెట్ లేదు. మూడో రోజు డాక్టర్లు పిలిచి బ్రెయిన్ డెడ్ అన్నారు, అవయవాలు ఇస్తారా అని అడిగినారు. లోపలికి పోయి చూస్తే ఎద ఎగిరెగిరి పడతా ఉంది, చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది. మా అక్క "నా బిడ్డ బతికుండాడు, వాణ్ణి కోస్తారా" అని కింద పడి ఏడ్చింది, మేమంతా వద్దనేసినాం. మరుసటి రోజు గుండె కూడా నిలిచిపోయింది. ఇప్పుడు సంవత్సరీకం దగ్గరకొచ్చింది, ఇచ్చుంటే బాగుండేదేమో కదే అని అక్క నన్ను అడగతా ఉంది. అప్పటికి వాడు నిజంగానే చనిపోయినాడా? మేం తప్పు చేసినామా?

చెల్లెమ్మా, నీ రెండో ప్రశ్నకి ముందు చెప్తా. తప్పు చేయలా. కన్నబిడ్డ చెయ్యి వెచ్చగా తగిలితే ఏ తల్లయినా బతికుండాడనే అనుకుంటుంది. మీ అక్కనెందుకు, నేనే డ్యూటీలో అట్లాంటి పిల్లోళ్లని పక్కకి తిప్పేటప్పుడు "కొంచెం తిప్పుతా ఉండానప్పా" అని చెప్పి తిప్పేదాన్ని, వినపడదని తెలుసు, అయినా చెప్పకుండా తిప్పడానికి చెయ్యి వచ్చేది కాదు.

ఇంక మొదటి ప్రశ్న. అవును తల్లీ, అప్పటికే పోయినాడు. గుండెకి కొట్టుకోమని మెదడు చెప్పాల్సిన పన్లేదు, దాని కరెంటు దాంట్లోనే ఉంటుంది, ఆక్సిజన్ అందినంతసేపు కొట్టుకుంటానే ఉంటుంది. ఊపిరి అట్ల కాదు, మెదడు కింద కాండం అని ఉంటుంది, బ్రెయిన్ స్టెమ్ అంటారు, అది చెప్తేనే ఊపిరి. అది చచ్చిపోయినాక మీరు చూసిన ఎద కదలడం వెంటిలేటర్ గాలి నెట్టడం వల్ల కదిలేదే. గుండె కొట్టుకుంటుంది కాబట్టి రక్తం తిరుగుతుంది, రక్తం తిరుగుతుంది కాబట్టి ఒళ్లు వెచ్చగా ఉంటుంది. కోమా వేరే, కోమాలో మెదడు బతికే ఉంటుంది, కొంతమంది లేస్తారు. బ్రెయిన్ డెడ్ అయినాక లేచినవాళ్లు లేరు, పేపర్లో "జీవన్మృతుడు" అని రాస్తారు చూడు, ఆ మాట నాకు నచ్చదు, సగం బతికున్నట్టు అనిపిస్తుంది, చట్టం ప్రకారం అది మరణమే. 1994లో వచ్చిన అవయవ మార్పిడి చట్టమే ఆ మాట చెప్పింది.

ఎవరో ఒక డాక్టర్ చూసి చెప్పేసేది కాదు. నలుగురు డాక్టర్లు సంతకం పెట్టాల, వాళ్లలో అవయవాలు తీసే టీమువాళ్లు, పెట్టే టీమువాళ్లు ఒక్కరు కూడా ఉండకూడదు. కంటిలో టార్చ్ వేస్తారు, కంటిపాప చిన్నది అవుతుందా అని. నల్లగుడ్డు మీద దూది అంచు తాకిస్తారు, రెప్ప కొడతాడా అని. చెవిలో ఐసు నీళ్లు పోస్తారు, కళ్లు కదులుతాయా అని. గొంతులోకి ట్యూబ్ దించి దగ్గు వస్తుందా అని చూస్తారు. ఆఖర్న అప్నియా టెస్ట్. ముందు ఆక్సిజన్ బాగా ఎక్కించి వెంటిలేటర్ తీసేస్తారు, ఎనిమిది పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు, దుప్పటి నడుం దాకా లాగేసి అందరం ఆ ఎద మీదే కళ్లు పెట్టుకుని నిలబడతాం, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతా ఉంటుంది, మెదడు కాండంలో పిసరంత ప్రాణం ఉన్నా అంత కార్బన్ డయాక్సైడ్‌కి ఒక్క ఊపిరన్నా లాగాల్సిందే. ఎన్నిసార్లు నిలబడినానో నాకు లెక్క లేదు, ప్రతిసారీ లోపల "లాగప్పా, ఒక్కసారి లాగు" అనుకునేదాన్ని. ఈ టెస్టులన్నీ కనీసం ఆరు గంటలు ఆగి మళ్లీ మొదట్నుంచి చేస్తారు. రెండుసార్లూ ఏమీ లేకపోతేనే సంతకాలు.

నాకు కోపం వచ్చేది మీలాంటివాళ్ల మీద కాదు, మీకు చెప్పిన పద్ధతి మీద. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో లిఫ్ట్ పక్కన నిలబెట్టి ఒక తల్లికి "బ్రెయిన్ డెడ్ అమ్మా, కిడ్నీలు ఇస్తారా" అని ఒకే ఊపిరిలో అడిగేసినారు, ఆమె మొహం నాకింకా గుర్తుంది. అట్ల అడిగితే ఎవరిస్తారు? ముందు కూర్చోబెట్టాల, నీళ్లివ్వాల, బిడ్డ లేడని చెప్పాల, ఏడవనీయాల, అది మనసుకి ఎక్కినాకే రెండో మాట. అవయవదానం సంగతి మాట్లాడటానికే కోఆర్డినేటర్ అని ట్రైనింగ్ అయినవాళ్లు ఉంటారు. ఇది చదివేవాళ్లకి ఎప్పుడన్నా అట్లాంటి గంట వస్తే, కోఆర్డినేటర్‌ని పిలవమనండి, టెస్టులు ఏం చేసినారో తెలుగులో చెప్పమనండి, అప్నియా టెస్ట్ దగ్గర ఇంట్లోవాళ్లు ఒకరు నిలబడొచ్చా అని అడగండి. అడగడం మీ హక్కు.

మీ అక్కకి ఈ మాట చెప్పు. మీరు వద్దన్నందువల్ల వాడు పోలేదు, సరే అనుంటే బతికేవాడూ కాదు. ఈ రెండింటితో ఆమెకి సంబంధం లేదు. సంవత్సరీకం రోజు ఆమె పక్కనే ఉండు.

పలమనేరు నుంచి ఒక అన్న: నేను ఆన్‌లైన్లో ఆధార్‌తో అవయవదానానికి రిజిస్టర్ చేసుకున్నా. కార్డ్ ప్రింట్ తీసి పర్సులో పెట్టుకుంటే మా ఇంటామె చూసి అపశకునం అని చించేసింది. కార్డ్ లేకపోయినా నా మాట చెల్లుతుంది కదా?

అన్నా, కార్డ్ ఉన్నా కూడా ఆ రోజు సంతకం పెట్టేది ఆమే. మన దగ్గర ఆసుపత్రులు ఇంట్లోవాళ్లు ఒప్పుకోకుండా ముట్టుకోవు, నువ్వు ఎన్ని చోట్ల రిజిస్టర్ అయినా అంతే. ప్రతిజ్ఞ రాసే ఫారం 7లో ఇద్దరు సాక్షుల్లో ఒకరు దగ్గరి బంధువై ఉండాలని రూల్ పెట్టింది అందుకేనేమో, ఇంట్లో ఒకరికన్నా తెలిసి ఉండాలని. కాబట్టి కార్డ్ మళ్లీ ప్రింట్ తీసే ముందు ఆమెతో మాట్లాడు. "నేను చచ్చిపోతే" అని మొదలుపెట్టొద్దు, ఏ ఆడమనిషీ వినదు. భోంచేసేటప్పుడు, టీవీలో యాక్సిడెంట్ వార్త వచ్చినప్పుడు, ముందు ఆమెనే అడుగు, నీకేమనిపిస్తుంది అని. ఒకసారితో అయ్యేది కాదు.

2023లో మన దేశం మొత్తం మీద చనిపోయినాక అవయవాలు ఇచ్చినవాళ్లు 1,099 మంది. నూట నలభై కోట్ల మందిలో. పది లక్షల మందికి ఒక్కరు కూడా లేరు, స్పెయిన్లో అదే ఏడాది పది లక్షలకి నలభై ఎనిమిది మందికి పైనే ఇచ్చినారు. అక్కడ చట్టమే అందరూ దాతలని అనుకుంటుంది కదా అంటారు, కానీ అక్కడ కూడా ఇంట్లోవాళ్లని అడక్కుండా తీసుకోరు, తేడా యాడుందంటే 1989 నుంచి ప్రతి పెద్దాసుపత్రిలో అడగడం తెలిసిన మనుషుల్ని తయారుచేసి పెట్టుకున్నారు. మన దగ్గర అడగడం సరిగ్గా రాదు, ఇంట్లో ముందుగా మాట్లాడుకోవడమూ లేదు. రెండోదన్నా మన చేతిలో ఉంది కదన్నా.

శ్రీకాళహస్తి నుంచి ఒక పాప: మా జేజికి 74. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది, షుగర్ కూడా ఉంది. నేను పోయినాక నా కళ్లు ఇచ్చేయండి అంటా ఉంది. మా పెదనాయన ఒప్పుకోడు, కళ్లు లేకుండా కాలిస్తే వచ్చే జన్మలో గుడ్డిగా పుడతారంట. జేజి కళ్లు అసలు పనికొస్తాయా?

పనికొస్తాయి పాపా. కళ్లద్దాలున్నా, శుక్లం తీసినా, షుగర్, బీపీ ఉన్నా కళ్లివ్వొచ్చు. వాళ్లకి కావాల్సింది ముందరుండే గాజు లాంటి పొర, కార్నియా, శుక్లం దాని వెనకాల ఉండే లెన్స్‌కి వచ్చేది. కార్నియాలో రక్తనాళాలు ఉండవు కాబట్టి బ్లడ్ గ్రూప్ కలవాల్సిన పని కూడా లేదు. మనిషికి కిడ్నీ మార్చడం 1954లో గెలిచింది, కార్నియా మార్చడం 1905లోనే అయిపోయింది, అంత పాత వైద్యం ఇది. ఎయిడ్స్, పచ్చకామెర్ల బి, సి, కుక్కకాటు రేబిస్, రక్తం క్యాన్సర్, ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకి పోయినవాళ్లవి మాత్రం తీసుకోరు.

మీ పెదనాయనతో గొడవ పెట్టుకోవద్దు, చేతులు పట్టుకుని మీ ఊరి కొండ మీదికి తీసుకుపో. కన్నప్ప ఒక కన్ను తీసి పెట్టేసినాడు, రెండో కంట్లో కూడా రక్తం కారతా ఉంది, తన రెండో కన్ను కూడా తీసేస్తే ఎక్కడ పెట్టాలో కనపడదు కదా అని గుర్తు కోసం కాలు ఎత్తి స్వామి కంటి మీద పెట్టినాడు. కళ్లిచ్చినోడు వచ్చే జన్మలో గుడ్డోడు అవుతాడంటే మరి ఆయన కొండ మీద ఎందుకుండాడు, మనం ఎందుకు మొక్కుతా ఉండాం? నేను వాదన కోసం చెప్పడం లేదు, నమ్మి చెప్తా ఉండా.

ఈ కళ్ల విషయంలో నా గుండెలో ఒక ముల్లుంది. మా నాయన పాకాల దగ్గర మా పల్లెలో పోయినాడు, తెల్లవారుజామున నాలుగింటికి. నా కళ్లు ఇవ్వాలమ్మా అని నాకే చెప్పినాడు, ఒకసారి కాదు, మూడు నాలుగు సార్లు. నేను నైట్ డ్యూటీలో ఉండా, ఫోనొచ్చి ఇంటికి చేరేసరికి ఏడైంది. నాయనని వాకిట్లో పడుకోబెట్టి పైన టేబుల్ ఫ్యాన్ ఫుల్లుగా పెట్టినారు, ఈగలు వాలతాయని, కళ్లు సగం తెరుచుకుని ఉండాయి, నల్లగుడ్డు మీద మెరుపు పోయి పొడిబారిపోయింది. నా దగ్గరున్న ఒక నంబర్‌కి చేసినా, ఎత్తలా. మళ్లీ చేసినా. తొమ్మిదిన్నరకి ఎవరో ఎత్తి, వచ్చేసరికి పది దాటిపోతుంది, ఆరు గంటలు అయిపోతాయమ్మా అన్నారు. ఆ మాటలో తప్పు లేదు, ఆరు గంటల లోపలే తీయాల. నంబర్ ముందుగా కనుక్కుని, అది ఎత్తుతారో లేదో ఒకసారి చేసి చూసి, మా తమ్ముడికి ఇచ్చి పెట్టుండాల్సింది నేను. నా ఒక్కదాని దగ్గర పెట్టుకున్నా. ఇద్దరికి చూపొచ్చేది.

కాబట్టి పాపా, ఈ వారంలోనే మీకు దగ్గర్లో ఐ బ్యాంక్ ఏదో కనుక్కో, ఫోన్ చేసి కాళహస్తికి ఎంతసేపట్లో రాగలరో అడుగు, ఆ నంబర్ గోడ మీద క్యాలెండర్ మీద పెద్ద అక్షరాల్లో రాయి, మీ పెదనాయన ఫోన్లో కూడా ఎక్కించు. జేజి పోయిన రోజు, అది ఎన్నో ఏళ్ల తర్వాత రావాలని కోరుకుంటా ఉండా, ముందు ఫ్యాన్ ఆపేయండి. రెప్పలు మూసి పైన తడి దూది పెట్టండి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచండి. ఏసీ ఉంటే వేసుకోవచ్చు. వాళ్లే ఇంటికొస్తారు, ఇరవై నిమిషాల పని, కొంచెం రక్తం కూడా తీసుకుంటారు టెస్టుకి, పైసా అడగరు, మొహం మామూలుగానే ఉంటుంది, చూడ్డానికి వచ్చినవాళ్లకి తేడా తెలియదు.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. గుండె, కిడ్నీ, లివర్ లాంటివి చనిపోయినవాళ్ల దగ్గర నుంచి తీసుకోవాలంటే దాదాపు అన్నిసార్లూ బ్రెయిన్ డెడ్ అయి వెంటిలేటర్ మీద ఉండాల్సిందే. ఇంట్లో పోయినవాళ్లవి కుదరవు. కానీ కళ్లు, చర్మం, గుండె కవాటాలు, ఎముకలు, వీటిని టిష్యూలు అంటారు, ఇవి గుండె నిలిచిపోయినాక కూడా కొన్ని గంటల వరకు ఇవ్వొచ్చు. చర్మం అంటే భయపడతారు, తొడ, వీపు మీద నుంచి పైన పల్చటి పొర మాత్రమే తీస్తారు. ఒళ్లు కాలినవాళ్ల వార్డులో పనిచేస్తే దాని విలువ తెలుస్తుంది, తీసేసిన బట్టకి చర్మం అంటుకుని వచ్చేసిన ఆడబిడ్డలకి ఆ పొర కప్పితే నొప్పి తగ్గుతుంది, ఇన్ఫెక్షన్ లోపలికి పోకుండా ఆగుతుంది. అందరు పెద్దవాళ్లూ మీ జేజిలాగే అడిగితే ఎంత బాగుండును.

చిత్తూరు నుంచి ఒక చెల్లెలు: అక్కా, మా ఆయనకి రెండు కిడ్నీలు పోయినాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆయనది ఓ పాజిటివ్, నాది బి పాజిటివ్. నా కిడ్నీ ఇస్తానంటే కుదరదన్నారు. ఒకాయన ఫోన్ చేసి డబ్బు కడితే కిడ్నీ చూపిస్తా అంటా ఉండాడు. నగలు అమ్మేదా?

అమ్మొద్దు. ఆ నంబర్ బ్లాక్ చెయ్. కిడ్నీ కొన్నవాళ్లకి, అమ్మినవాళ్లకి, మధ్యలో ఉన్నవాళ్లకి అయిదు నుంచి పదేళ్ల జైలు, ఇరవై లక్షల నుంచి కోటి దాకా జరిమానా. డబ్బు పోతుంది, మనిషీ మిగలడు.

రెండు దారులుండాయి, రెండూ ఒకేసారి మొదలుపెట్టు. ఒకటి, మీ డాక్టర్ని అడిగి జీవన్‌దాన్‌లో, అంటే అవయవాల కోసం కాచుకున్నవాళ్ల గవర్నమెంట్ లిస్టులో, ఆయన పేరు ఎక్కించు, ఎంత త్వరగా ఎక్కిస్తే అంత మంచిది, వరసలో ఎన్నాళ్లుగా ఉన్నారనేది కూడా లెక్కే. రెండోది స్వాప్. నీలాగే ఇచ్చే మనిషి ఉన్నా కుదరని ఇంకో జంట ఉంటుంది, ఆమెది ఓ, ఆయనది బి, గ్రూప్ కలిసినా ఇద్దరి రక్తం కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ టెస్టులో కుదరలేదు అనుకో, ఆమె మీ ఆయనకి ఇస్తుంది, నువ్వు వాళ్లాయనకి ఇస్తావు. 2011లో చట్టం మార్చి దీనికి దారి ఇచ్చినారు. రాయవేలూరు సీఎంసీ మీకు గంట ప్రయాణం, దేశంలో కిడ్నీ మార్పిడి మొదటిసారి 1971లో గెలిచింది ఆడనే, తిరుపతి స్విమ్స్‌లో కూడా చేస్తారు, రెండు చోట్లా అడుగు.

అడగకపోయినా ఒకటి చెప్తా. 2023లో బతికుండగానే అవయవం ఇచ్చినవాళ్లు మన దేశంలో ఆడవాళ్లు 9,784 మంది, మగవాళ్లు 5,651. భార్యలు, అమ్మలు, అక్కచెల్లెళ్లు. ఇవ్వడం గొప్పదే, నేను కాదనను, కానీ మీ ఆయనకి అన్నదమ్ములున్నారా, వాళ్లకి టెస్ట్ చేయించినారా? ఓ గ్రూప్ వాళ్లు ఒకరన్నా ఉండొచ్చు. వాళ్లకి పనులుంటాయి, బరువులెత్తాల అంటారు, ఇచ్చినవాళ్లు వారం లోపల ఇంటికొస్తారు, నెలన్నర బరువులు ఎత్తకుండా ఉంటే చాలు, తర్వాత ఏటా ఒకసారి బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ ఎట్ల పనిచేస్తా ఉందో చెప్పే రక్తపరీక్ష) చూపించుకుంటా మామూలుగా బతుకుతారు. అత్తగారి ముందర కూర్చుని అడుగు, సిగ్గుపడొద్దు. కిడ్నీ వచ్చినాక మాత్రం మాత్రలు జీవితాంతం, ఒక్క పూట కూడా మానకూడదు, ఆ ఖర్చు ఇప్పుడే లెక్క వేసుకోండి.

నగరి నుంచి ఒక పెద్దాయన: మనం ఇస్తే పోయేది డబ్బున్నోళ్లకే కదమ్మా?

అయ్యా, మీ అనుమానం ఊరికే రాలేదు, కిడ్నీ దందాల వార్తలు మనమంతా చదివినాం. కానీ ఆ దందాలు ఎక్కువగా బతికున్నవాళ్ల దగ్గర కొనేవి, చనిపోయినవాళ్లు ఇచ్చే అవయవం ఎవరికి పోవాలో చెప్పేది జీవన్‌దాన్ లిస్టు, అందులో బ్లడ్ గ్రూప్, జబ్బు తీవ్రత, ఎన్నాళ్లుగా కాచుకున్నారు అనేది చూస్తారు. 2023లో కేంద్రం రూల్స్ మార్చి రిజిస్ట్రేషన్‌కి ఫీజు తీసుకోవద్దంది, అరవై ఐదేళ్ల హద్దు తీసేసింది, ఏ రాష్ట్రంలో అయినా పేరు ఎక్కించుకోవచ్చంది. అదే ఏడాది జనవరిలో తిరుపతి పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో మొదటిసారి గుండె మార్చినారు, గుండె విశాఖ నుంచి విమానంలో రేణిగుంటకి వచ్చింది, ఆడినుంచి పోలీసులు రోడ్డు ఖాళీ చేయించి తెచ్చినారు. గుండెకి నాలుగైదు గంటలే టైమ్. అది టీటీడీ ఆసుపత్రి, కార్పొరేట్ కాదు. మార్పిడి ఎక్కువగా ప్రైవేట్లోనే జరగతా ఉంది, పేదోళ్లు లిస్టు దాకా పోలేకపోతా ఉండారు అంటే అది నిజం, దానికి గవర్నమెంట్ ఆసుపత్రుల్లో పెంచమని అడగాల. అవయవాలు కాల్చేస్తే ఆ పేదోడికి వచ్చేదేమీ లేదు కదయ్యా. మీ పక్కన తమిళనాడులో 2023 సెప్టెంబర్‌లో అవయవదాతల అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో చేస్తామన్నారు, ఇచ్చిన ఇంటివాళ్ల దగ్గర అవయవాలు తీసే ఖర్చు ఎక్కడా తీసుకోకూడదు, మీ బిల్లులో వేస్తే గట్టిగా అడగండి.

చంద్రగిరి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు: శరీరం మొత్తం మెడికల్ కాలేజీకి ఇవ్వాలని నా కోరిక.

మంచి కోరిక సార్. ఇది అవయవదానం కాదు, దేహదానం, వేరే. ఎస్వీ మెడికల్ కాలేజీలో అనాటమీ డిపార్ట్‌మెంట్‌కి పోయి ఫారం తెచ్చుకోండి, పిల్లలతో సంతకం పెట్టించండి. కళ్లిచ్చి దేహం కూడా ఇవ్వొచ్చు. పోస్ట్‌మార్టమ్ అయిన దేహాన్ని, అవయవాలు తీసిన దేహాన్ని మామూలుగా కాలేజీలు తీసుకోవు, కాబట్టి ఏది ముందో మీ పిల్లలకి ఇప్పుడే చెప్పి పెట్టండి.

తిరుపతి నుంచి ఇంటర్ చదివే ఒక పాప: అక్కా, నాకు 17. నేను రిజిస్టర్ చేసుకోవచ్చా? మా నాన్నకి చెప్తే కొడతాడేమో.

పద్దెనిమిదేళ్లు నిండినాకే ఫారం పాపా, అంతదాకా నీ గురించి నిర్ణయం అమ్మానాన్నలదే. నాయన కొట్టడులే, భయపడతాడు, అంతే, కూతురి నోట్లోనుంచి చావు మాట వింటే ఏ నాయనకైనా కాళ్లు వణకతాయి. నీ గురించి చెప్పొద్దు. ఆయన పేరు మీద ఒకసారి అడుగు, నాన్నా, మీకేమన్నా అయితే మేమేం చేయాల, మీరేం కోరుకుంటారు అని. ఆయన ఏమన్నాడో నాకు రాయి.